ఛాయాగ్రహణానుకూల వేగం

మా జిల్లా క్రీడా కార్యాలయంలో కెమెరా మార్చాలంటే ఏడు సంతకాలు కావాలి. ఆట మార్చాలంటే ఒక్క సంతకం చాలు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే తర్వాత జరిగిందంతా మీకు ఎంతో సహజంగా కనిపిస్తుంది. ఎక్కలేదంటే మీరెప్పుడూ ప్రభుత్వ కార్యాలయంలో పనిచేయలేదన్నమాట. అదృష్టవంతులు.

నా పేరు లింగమూర్తి. ఆ కార్యాలయంలో ఫోటోగ్రాఫర్ని. నేను చేరిన ఏడాదే కొన్నారు నా కెమెరాను. ఇద్దరికీ పదహారేళ్ల సర్వీసు. నాకు ప్రమోషన్ లేదు, దానికి రిపేరు లేదు. దాని షట్టర్ తీరిగ్గా తెరుచుకుని తీరిగ్గా మూసుకుంటుంది. కూర్చున్నవాళ్లనూ, నిలబడ్డవాళ్లనూ, దండలు వేయించుకుంటున్నవాళ్లనూ చక్కగా తీస్తుంది. మా శాఖకు ఇన్నాళ్లూ కావలసినవి ఆ ఫోటోలే కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఇబ్బంది రాజధాని నుంచి ఒక సర్క్యులర్ రూపంలో వచ్చింది. ఫోటోలు నిల్వ పెట్టి అమ్మే అంతర్జాతీయ ఏజెన్సీలు కొన్ని ఉన్నాయి. పత్రికలవాళ్లూ, ప్రకటనలవాళ్లూ తమకు కావలసిన బొమ్మను వాటిలో వెతుక్కుని తీసుకుంటారు. మన ఫోటో వాళ్లకు నచ్చితే ఉంచుకుంటారు. నచ్చకపోతే కారణం రాసి తిప్పి పంపుతారు. పై అధికారి ఎవరో విమానంలో పత్రిక తిరగేస్తూ, అందులో ఒక్క ఆటగాడూ మనవాడు కాకపోవడం చూసి బాధపడ్డారట. విమానం దిగేసరికి ఆ బాధ పథకం అయింది. ఇకమీదట ప్రతి జిల్లా తన క్రీడా ఛాయాచిత్రాలను ఆ ఏజెన్సీల చేత ఆమోదింపజేయాలి. ఎన్ని ఫోటోలు ఆమోదం పొందితే జిల్లాకు అంత ర్యాంకు. పతకాలు ఎన్ని వచ్చాయన్నది ద్వితీయ ప్రాధాన్యం గల అంశంగా పరిగణించబడును.

మా జిల్లా నుంచి నలభై ఫోటోలు పంపాం. నలభైకి నలభై తిరిగి ఇల్లు చేరాయి.

మా ఉపసంచాలకులు పరాంకుశం గారు సమీక్షా సమావేశం పెట్టారు. ఆయన మంచి మనిషి. ఎవరినీ కసురుకోరు, ఎవరి దగ్గరా కప్పు టీ కూడా తీసుకోరు. ఉత్తర్వు రాయడమొక్కటే ఆయన వ్యసనం. కలం మూత తీశారంటే ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి బతుకు కష్టమవుతుంది.

"కదలిక వల్ల చిత్రం మసకబారినది అని రాశారు. ఈ కదలిక ఎక్కడి నుంచి ఉత్పన్నమైంది లింగమూర్తీ?"

"కెమెరా నెమ్మదిదండీ. కొత్తది ఇప్పిస్తే మసక రాదు."

"కెమెరా కొనుగోళ్ల కమిటీ పరిధిలోనిది. కమిటీ ఇంకా ఏర్పడలేదు. మన పరిధిలో ఉన్నదేమిటో సభ్యులు ఆలోచించాలి."

సభ్యులు బిస్కట్ల పళ్లెం వైపు చూస్తూ ఆలోచించారు.

"క్రీడాకారులు," అన్నారు పరాంకుశం గారే. "వారు మన పరిధిలో ఉన్నారు. కెమెరా వేగాన్ని అందుకోలేకపోతే వేగమే కెమెరాకు అందాలి."

ఆ సాయంత్రానికే మొదటి ఉత్తర్వు వెలువడింది. కెమెరా సమక్షంలో జరిగే సమస్త క్రీడా కార్యకలాపాలూ ఛాయాగ్రహణానుకూల వేగంతో మాత్రమే జరగవలెను. అదెంత వేగమో తేల్చడానికి నన్నే నియమించారు. నేను మైదానంలో మా ఆఫీసు గుమాస్తాగారిని పరిగెత్తించి, కెమెరాలో ఆయన మీసం స్పష్టంగా కనిపించేదాకా నెమ్మది చేయిస్తూ వచ్చాను. ఆయన బస్టాండుకు వెళ్లే వేగం దగ్గర మీసం కుదిరింది. దాన్నే ఖాయం చేశారు.

అమలు ఎలా జరిగిందో చెబితే నమ్మరు గానీ బ్రహ్మాండంగా జరిగింది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు గీత దాటి, చెయ్యి చాచి, నేను తలూపేదాకా అలాగే నిలబడేవాడు. పట్టేవాళ్లు మర్యాదగా వచ్చి కాలు పట్టుకునేవాళ్లు. చూస్తే పెళ్లిలో కాళ్లు కడుగుతున్నట్టు ఉండేది. వాలీబాల్ దగ్గర మాత్రం సందేహం వచ్చింది. ఉత్తర్వు క్రీడాకారులకే వర్తిస్తుందా, బంతికి కూడానా? వర్తిస్తుందని స్పష్టీకరణ వచ్చింది. బంతిని గాలం దారంతో నెట్ మీద వేలాడదీశాం. లాంగ్ జంప్‌ను, గాలిలో ఆగే సదుపాయం కలిగేవరకు వాయిదా వేశారు.

వ్యాయామ ఉపాధ్యాయుడు సమ్మయ్య నా దగ్గరికి వచ్చింది అప్పుడే. మండల హైస్కూల్లో పీఈటీ. పొట్టి మనిషి, మెడలో ఎప్పుడూ రెండు స్టాప్‌వాచీలు. వెంట ఒక అమ్మాయి ఉంది. సన్నగా, పొడుగ్గా, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది.

"మూర్తన్నా, ఈ పిల్ల పేరు గుగులోతు నీల. మా బడి ఎనుకనే తండ. ఎనిమిది వందల మీటర్లు ఉరుకుతది. ఎట్ల ఉరుకుతదంటే, నేను గడియారం రెండుసార్లు సూసుకుంట, పాడైందేమోనని."

"ఎంతలో?"

"రెండు నిమిషాల పదహారు సెకన్లు. రాష్ట్ర స్పోర్ట్స్ హాస్టల్‌కు రెండు నిమిషాల ఇరవై లోపల రావాలె. జిల్లా సెలక్షన్ల ఫస్టు రావాలె, ఆఫీసు కాయితం మీద పేరు ఎక్కాలె. గంతే. ఆడ చేరితే తిండి, బట్ట, చదువు, ఉరుకుడు అన్నీ వాళ్లే సూసుకుంటరు."

"వచ్చే ఏడాదైనా వెళ్లొచ్చుగా, ఈ గొడవ సద్దుమణిగాక?"

అమ్మాయే జవాబు చెప్పింది. "పదిహేడు నిండితే తీసుకోరట సార్. నాకు వచ్చే నెల పదకొండుకు నిండుతయ్. గిదే ఆఖరు."

చెప్పడంలో ఏడుపు లేదు, బతిమాలడం లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. సెలక్షన్ల రోజు నేను కెమెరాతో ఉంటానని ఆమెకు తెలుసు. నేనుంటే అందరూ గుమాస్తాగారి వేగంతోనే పరిగెత్తాలని కూడా తెలుసు.

ఈలోగా రెండో విడత ఫోటోలు తిరిగొచ్చాయి. ఈసారి మసక లేదు. కానీ చొక్కాల మీద అంకెలు, బడుల పేర్లు, దాతల పేర్లు ఉన్నాయి, అవి పనికిరావన్నారు. మరుసటి రోజే అంకెలు పీకించారు. అంకెలు లేకపోతే ఎవరు గెలిచారో ఎలా తెలుస్తుందని సమ్మయ్య అడిగాడు.

"ఫోటో చూసి," అన్నారు పరాంకుశం గారు. "ఇకమీదట ఫోటోయే అధికారిక రికార్డు. అందులోని ముఖాన్ని సమ్మతి పత్రానికి అంటించిన పాస్‌పోర్టు ఫోటోతో సరిపోల్చి విజేతను నిర్ధారిస్తాం. ఇది శాస్త్రీయ పద్ధతి."

సమ్మతి పత్రమనేది ఏజెన్సీ వాళ్లు అడిగిన ఇంకో కాగితం. ఫోటోలో ముఖం గుర్తుపట్టేలా ఉంటే ఆ మనిషి ఒప్పుకున్నట్టు రాసివ్వాలి. పిల్లలైతే తల్లిదండ్రులు. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు, ప్రతి పేజీ కింద సంతకం. నీల తండ్రి బొంబాయిలో తాపీ పనిలో ఉన్నాడు. తల్లి పొలం పని మానుకుని, రెండు బస్సులు మారి వచ్చి, నాలుగు పేజీల కింద నాలుగు వేలిముద్రలు వేసింది. బొటనవేలి సిరా చీర చెంగుకు తుడుచుకుంటూ, "అయిపోయిందా సారూ, నా బిడ్డ ఉరకొచ్చునా?" అని అడిగింది.

పరాంకుశం గారు పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో 'సంతకం' అని ఉన్నదమ్మా. వేలిముద్ర అని లేదు. విదేశీ సంస్థ. వారి మనోభావాలు మనకు తెలియవు."

"మా భూమి కాయితాలకు గీ ఏలే ఏసిన సారూ."

"భూమి వేరు, ఫోటో వేరు."

సమ్మతి పత్రం లేని పిల్లలు పరిగెత్తకూడదని ఆయన అనలేదు. అంత అన్యాయం చేసే మనిషి కాదు. ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. ముందున్నవాళ్ల ముఖమే కదా కెమెరాకు చిక్కేది. వెనకున్నవాళ్లకు ముందున్నవాళ్లు అడ్డం వస్తారు. కాబట్టి సమ్మతి పత్రం లేనివారు సమ్మతి పత్రం ఉన్నవారి వెనక మాత్రమే పరిగెత్తవలెను. ఏ సందర్భంలోనూ ముందుకు రారాదు.

సమ్మయ్య ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. తర్వాత కుర్చీలో కూలబడి, "పందెమంటే ఏందో సారుకు ఎవలన్న చెప్పిన్రా మూర్తన్నా?" అని అడిగాడు.

చెప్పే ధైర్యం నాకు లేదు. ఉంటే పదహారేళ్లు ఒకే కెమెరాతో నెట్టుకొస్తానా?

మూడో విడత కూడా తిరిగొచ్చింది. ముఖాలు బాధగా ఉన్నాయట. అదీగాక, ఫోటోలో ఒక పక్క ఖాళీ ఉండాలట. ప్రకటనలవాళ్లు అక్కడ అక్షరాలు వేసుకుంటారు. ఇకనేం, నవ్వు తప్పనిసరి అయింది. పళ్లు కనిపించాలి, చిగుళ్లు కనిపించరాదు. వారం రోజులు పిల్లలను వరసగా నిలబెట్టి నవ్వడం నేర్పారు. బరువులెత్తే కుర్రాడొకడు ఎనభై కిలోలు నెత్తి మీద పెట్టుకుని నవ్వబోయి నాలుక కరుచుకున్నాడు. ఆ ఫోటో పంపితే "కృత్రిమం" అని తిరిగొచ్చింది.

ఖాళీ కోసం మైదానాన్నే పంచారు. మాది ఆరు వరసల మట్టి ట్రాక్. గమ్యరేఖ అవతల నిలబడి, వచ్చేవాళ్లను ఎదురుగా తీస్తే నా ఫోటోలో ఎడమవైపు పడేవి బయటి రెండు వరసలు. వాటిని సున్నంతో గీసి "అక్షరస్థలం" అని బోర్డు పాతారు. చుట్టూ నాలుగు వందల మీటర్లు ఆ రెండు వరసల్లో ఎవరూ అడుగు పెట్టరాదు. లోపలి నాలుగు వరసల్లోనే ఆడుకోవాలి, పరిగెత్తాలి, నవ్వాలి.

సెలక్షన్ల రోజు వచ్చింది. ఎనిమిది వందల మీటర్లకు ఎనిమిది మంది ఆడపిల్లలు. ఏడుగురికి సమ్మతి పత్రాలున్నాయి. వాళ్లు ముందు వరసలో నిలబడ్డారు. నీల ఒక్కతే వెనక. పరాంకుశం గారు షామియానా కింద కూర్చుని మైకులో ఉత్తర్వులన్నీ మొదటి నుంచి చదివి వినిపించారు. అది పూర్తయ్యేసరికి ఎండెక్కింది. సమ్మయ్య, ఇంకా ఇద్దరు టైంకీపర్లు గడియారాలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లు ఉండాలని పాత నిబంధన. కొత్త ఉత్తర్వుల హడావుడిలో దాన్ని రద్దు చేయడం ఎవరికీ గుర్తు రాలేదు.

విజిల్ ఊదారు. ఏడుగురూ నవ్వు తగిలించుకుని బస్టాండుకు బయల్దేరినట్టు బయల్దేరారు. నీల వాళ్ల వెనక ఓ పది అడుగులు వేసింది. నేను కెమెరాలోంచి చూస్తున్నాను. ఆమె ఒకసారి సమ్మయ్య వైపు చూసింది. ఆయన ఆకాశం వైపు చూశాడు.

తర్వాత ఆమె పక్కకు జరిగి, అక్షరస్థలంలోకి దిగి, పరిగెత్తింది.

నేను పదహారేళ్లుగా ఆటల ఫోటోలు తీస్తున్నాను. కానీ ఒక మనిషి పరిగెత్తడం ఆ రోజే చూశానని చెప్పాలి. బయటి వరసలో కాబట్టి చుట్టు పెద్దది. ఒక్కో చుట్టుకు పాతిక మీటర్లు ఎక్కువ. అది ఆమెకు పట్టలేదు. మైకులో "అక్షరస్థలం, అక్షరస్థలం" అని కేకలు వినిపిస్తున్నాయి. జనం లేచి నిలబడ్డారు. టీ కొట్టువాడు గ్లాసులు వదిలేసి తాడు దగ్గరికి వచ్చాడు. నా నోట్లోంచి "ఉరుకు బిడ్డా" అన్న మాట దానంతటదే వచ్చింది, డ్యూటీలో ఉన్నానన్నది కూడా మరిచిపోయాను.

ఏడుగురూ నవ్వుతూ మొదటి చుట్టు పూర్తి చేయబోతుండగా నీల వాళ్ల పక్కనుంచి రెండో చుట్టు పూర్తి చేసింది. రిబ్బను పట్టుకోవలసిన ఇద్దరూ అప్పటికి ఇంకా పందిట్లో టిఫిను తింటున్నారు. ఖాళీ గీత దాటి, ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడింది. సమ్మయ్య గడియారం నాకు చూపించాడు. రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లు. మిగతా ఇద్దరు టైంకీపర్లదీ అదే.

మిగతావాళ్లు ఇంకో రెండున్నర నిమిషాలకు వచ్చారు. హంసిక అనే అమ్మాయి ముందు వచ్చింది. నాలుగు నిమిషాల యాభై రెండు సెకన్లు. ఏ మాటకామాటే, నవ్వు చెక్కుచెదరలేదు.

నేను షట్టర్ నొక్కింది మాత్రం ఒక్కసారే. నీల గీత దాటుతున్నప్పుడు. ఫోటోలో ఏడుగురు పిల్లలు అద్దంలో చూసినట్టు స్పష్టంగా, పలువరసలతో సహా ఉన్నారు. ఎడమవైపు, ఖాళీ ఉండవలసిన చోట, ఒక పొడుగాటి మసక గీత. దానికి ముఖం లేదు. అంకె లేదు.

పరాంకుశం గారు ఆ ఫోటోను కంప్యూటర్లో చూసి ముచ్చటపడ్డారు. "అద్భుతం. వేగం ఉంది, నవ్వు ఉంది, సమ్మతి ఉంది. ఈ మరక ఒక్కటి తొలగించండి."

"అది మరక కాదండీ. నీల."

"ముఖం ఉన్నదా?"

"లేదండీ."

"పాస్‌పోర్టు ఫోటోతో సరిపోల్చగలరా?"

"సమ్మతి పత్రమే తీసుకోలేదు కదండీ."

"అయితే నీల అని ఎలా అంటారు? గుర్తుపట్టగలిగితే సమ్మతి కావాలి. సమ్మతి లేదు. కావున గుర్తుపట్టలేదు. కావున మరక." ఆయన ముఖంలో కోపం లేదు. లెక్క సరిపోయినందుకు తృప్తి ఉంది.

నేను తొలగించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనే తొలగించాను. రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లలో పరిగెత్తిన పిల్లను తుడవడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. ముందు కాళ్లు, తర్వాత జడ, ఆఖరున ఆమె లేపిన దుమ్ము. అసలు ఫోటోను మాత్రం పారేయలేదు. ఎందుకు దాచానో అప్పటికి నాకే తెలియదు. చేసిన పనికి సాక్ష్యం ఎక్కడో ఒకచోట ఉండాలనిపించింది.

వారానికల్లా ఆ ఫోటో ఆమోదం పొందింది. మా జిల్లాకది మొదటి ఆమోదం. కార్యాలయంలో మిఠాయిలు పంచారు. పరాంకుశం గారికి దండ వేశారు. ఆ దండ ఫోటో కూడా నేనే తీశాను, చాలా స్పష్టంగా వచ్చింది. హాస్టల్‌కు పంపే జాబితాలో హంసిక పేరు ఎక్కించి, ఎదురుగా నాలుగు నిమిషాల యాభై రెండు సెకన్లు అని రాశారు. రెండు నిమిషాల ఇరవై ఉండాలి కదా అని గుమాస్తాగారు గొణిగితే, "వేగం తగ్గినా నాణ్యత పెరిగింది అని షరా రాయండి," అన్నారు.

సమ్మయ్య మూడు అర్జీలు పెట్టాడు. నీల మొదట వచ్చిందని, ముగ్గురు టైంకీపర్లూ సాక్షులని. మొదటిదానికి, అధికారిక రికార్డులో అట్టి అభ్యర్థిని కనిపించలేదు అని జవాబు వచ్చింది. రెండోదానికి, మొదటి జవాబు చూడవలెను అని. మూడోదానికి జవాబే లేదు. నీలకు పదిహేడు నిండడానికి ఇక పన్నెండు రోజులు.

ఆ రోజు సమ్మయ్య నన్ను టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టి అన్నాడు. "మూర్తన్నా, ముప్పై ఏండ్ల సర్వీసుల నేనొకటి సూసిన. మా పిల్ల మంచి పని చేసిందంటే మీ ఆఫీసు కదలదు. తప్పు చేసిందంటే?"

"ఆ రోజే కదులుతుంది," అన్నాను.

"గట్లయితే ఒక తెల్ల కాయితం ఇయ్యి."

ఆయన అక్కడే, బెంచీ మీద కూర్చుని నీల మీద ఫిర్యాదు రాశాడు. గుగులోతు నీల అను విద్యార్థిని ఉత్తర్వులన్నిటినీ తుంగలో తొక్కి విపరీతమైన వేగంతో పరిగెత్తినదని, ఇటువంటివారిని ఉపేక్షిస్తే క్రమశిక్షణ ఏమవుతుందని, తక్షణమే విచారించి కఠిన చర్య తీసుకోవలెనని. ముగ్గురు టైంకీపర్ల సంతకాలతో వేళల పట్టిక జతపరిచాడు. రాస్తూ రాస్తూ తనే నవ్వుకున్నాడు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫిర్యాదు పొద్దున పదిన్నరకు అందింది. మధ్యాహ్నం మూడింటికి నీలకు అభియోగపత్రం తయారైంది. మా కార్యాలయం అంత చురుగ్గా పనిచేయడం నేనెన్నడూ చూడలేదు. టైపు చేసిన గుమాస్తాగారు నాకు చదివి వినిపించారు.

అభియోగం ఒకటి: అనుమతించిన వేగాన్ని అతిక్రమించి, ఎనిమిది వందల మీటర్ల పందెమును రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లలో ముగించుట. అభియోగం రెండు: సమ్మతి పత్రము గల ఏడుగురు అభ్యర్థినులను దాటి, వారందరికన్నా ముందు గమ్యరేఖను చేరుట. అభియోగం మూడు: అక్షరస్థలమందు పరిగెత్తి, యాభై మీటర్ల ప్రభుత్వ మైదానమును అదనముగా వినియోగించుట. అభియోగం నాలుగు: ఆద్యంతమూ నవ్వకపోవుట.

మూడు రోజుల్లో విచారణ. పరాంకుశం గారు మధ్యన, ఇద్దరు సభ్యులు అటూ ఇటూ. నీల తల్లితో పాటు వచ్చి నిలబడింది. తల్లికి విషయం పూర్తిగా తెలియదు. బిడ్డను ఏం చేస్తారోనని చెంగు నోట్లో కుక్కుకుంది.

"నీ మీద మోపిన అభియోగాలను అంగీకరిస్తున్నావా?"

"ఒప్పుకుంటున్న సార్."

"అన్నిటినీనా? తొందరపడకు. ఒకటో అభియోగం చాలా తీవ్రమైనది."

"అన్నీ ఒప్పుకుంటున్న. రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లు నేనే ఉరికిన. అందరి కన్న ముందుగల్ల నేనే ఒచ్చిన."

పరాంకుశం గారికి ఒప్పుకోలు చాలదు. ఆయన పద్ధతి గల మనిషి. పై అధికారులు రేపు ఆధారమేదని అడిగితే? నా వైపు తిరిగారు. "ఛాయాచిత్ర సాక్ష్యం ఏదైనా ఉన్నదా?"

దాచిన ఫోటోను ముందే అచ్చు వేయించి తెచ్చాను, జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆయన భూతద్దంతో చూశారు. "ఈ ఎడమవైపు గీత ఎవరు?"

నేను నీల వైపు చూశాను, ఆమె తల్లి వైపు చూశాను. పదహారేళ్లలో మొదటిసారి ఆ గదిలో గొంతు పెంచి మాట్లాడాను. "గుగులోతు నీలండీ. నా కళ్లతో చూశాను. ప్రమాణం చేసి చెబుతాను."

"దృఢంగా చెప్పారు. సంతోషం," అన్నారాయన. ఫోటో వెనక స్వయంగా రాశారు: ఇందలి గీత గుగులోతు నీలయే అని విచారణలో నిస్సందేహముగా తేలినది. సంతకం, తేదీ, గుండ్రటి ముద్ర. తర్వాత తీర్పు డిక్టేట్ చేశారు. నాలుగు అభియోగాలూ సంపూర్ణముగా రుజువైనవి. ఏడాది పాటు ఈ జిల్లాలో జరిగే ఏ పోటీలోనూ పాల్గొనరాదు. దాని కిందా సంతకం, తేదీ, ముద్ర. ఎందుకైనా మంచిదని ముద్ర రెండుసార్లు వేశారు.

"ముద్దాయికి ఒక నకలు, సాక్ష్యపు ఫోటోతో సహా ఇవ్వండి," అన్నారు లేస్తూ. సమ్మయ్య అప్పటికే తలుపు దగ్గర చెయ్యి చాచి ఉన్నాడు.

మర్నాడు పొద్దున బస్సుకే బయల్దేరాం. సమ్మయ్య, నీల, తల్లి, నేను. నేనెందుకంటే, సాక్షిని. సెలవు చీటీలో కడుపునొప్పి అని రాశాను.

హాస్టల్ ప్రధాన కోచ్ మాణిక్యమ్మ అనే నడివయసు ఆవిడ. నెరిసిన జుట్టు, మెడలో విజిల్, కూర్చోవడం అలవాటు లేనట్టు నిలబడే కాగితాలు చదువుతుంది. మా జిల్లా జాబితా ఒక చేత్తో, తీర్పు ఇంకో చేత్తో పట్టుకుంది. ఒకదాంట్లో మొదటి స్థానం నాలుగు నిమిషాల యాభై రెండు. ఇంకోదాంట్లో రెండు నిమిషాల పద్దెనిమిది, నిస్సందేహముగా రుజువు.

"ఈ రెండూ ఒకే ఆఫీసరు సంతకాలేనా?"

"ఒకే పెన్ను కూడానండీ," అన్నాను.

ఆవిడ తీర్పును మొదటి నుంచి మళ్లీ చదివింది. మూడో అభియోగం దగ్గర ఆగింది. "యాభై మీటర్లు ఎక్కువ ఉరికి కూడా ఇంతలో వచ్చిందా?"

"ఔను మేడం," అన్నాడు సమ్మయ్య. "ప్రభుత్వ మైదానం అదనంగ వాడుకున్నది. తప్పే."

మాణిక్యమ్మ నవ్వలేదు. ఫోటో వెనక్కి తిప్పి ముద్ర చూసింది. ముందుకు తిప్పి గీతను చూసింది. నీల తల్లి బొటనవేలు చీరకు తుడుచుకుంటూ, ఎక్కడ ముద్ర వేయమంటారోనని బల్ల మీద కాగితాలు వెతుకుతోంది.

"అమ్మాయ్," అంది మాణిక్యమ్మ చివరికి. "ఈ నేరం మళ్లీ చేయగలవా?"

నీల చెప్పులు విడిచి గోడ పక్కన పెట్టింది. "ఇప్పుడే చెయ్యాల్నా మేడం?"